తెర మారకూడదు, మనిషి మారాలి

ఫోటోగ్రఫీ కోర్సులో చేరినవాళ్లకు రెండో నెలలోనో మూడో నెలలోనో ఒక అసైన్‌మెంట్ తప్పదు. ఏదో ఒక థీమ్ ఎంచుకుని దాని మీద పది పోర్ట్రెయిట్‌లు తీసుకురమ్మంటారు. ఆ మాట చెవిన పడగానే హైదరాబాద్‌లో అయితే కోఠీ వైపు, విజయవాడలో అయితే బీసెంట్ రోడ్డు వైపు పరుగు మొదలవుతుంది. మాస్కులు, రంగుపొడి, సీరియల్ లైట్లు, డ్రామా దుస్తులు అద్దెకిచ్చే చోట దొరికే కిరీటం, ఎవరింట్లోనో అటక మీంచి దించిన లాంతరు. వారం తిరిగాక బోర్డు మీద వరసగా పెట్టిన ఫోటోల్లో ఈ సరంజామా అంతా స్పష్టంగా కనబడుతుంది. మనుషులే కనబడరు. ఒక ఫోటో ఎండలో, ఇంకొకటి ట్యూబ్‌లైటు కింద, ఒకటి మరీ దగ్గర్నుంచి, ఇంకొకటి వీధి అవతల్నుంచి. ఈ పదింటినీ కలిపేది ఏమిటని అడిగితే, "అన్నిట్లోనూ లాంతరుంది కదండీ" అని జవాబు.

లాంతరు సామాను. దాన్ని థీమ్ అనుకోవడం దగ్గరే వ్యవహారం చెడుతుంది. వేడి వల్ల ఒక పదార్థం ఎలా మారుతుందో తెలుసుకోదలచిన శాస్త్రవేత్త పీడనం లాంటివన్నీ స్థిరంగా ఉంచి, ఉష్ణోగ్రతనొక్కదాన్నే మారుస్తాడు. అన్నీ ఒకేసారి మారిస్తే దేని వల్ల ఏం జరిగిందో ఎవరికీ అంతుపట్టదు. మంచి థీమ్ పోర్ట్రెయిట్‌ల వెనక ఉన్నదీ అదే పద్ధతి. కాంతి, తెర, దూరం, లెన్సు కదలకుండా కట్టేస్తే, చూసేవాడి కన్ను మారుతున్నదాని మీదికి, అంటే మనిషి మీదికి, దానంతటదే పోతుంది.

ఈ పద్ధతికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఇర్వింగ్ పెన్. వోగ్ పత్రికకు ఫ్యాషన్ ఫోటోలు తీసే ఈ అమెరికన్ 1950 వేసవిలో పారిస్ వెళ్లాడు. ఖరీదైన గౌన్లు తొడుక్కున్న మోడళ్లను తీస్తూనే, మధ్యమధ్యలో వీధిలో చిన్నాచితకా పనులు చేసుకునేవాళ్లను కూడా అదే గదికి రప్పించుకున్నాడు. రొట్టెలు కాల్చేవాళ్లు, మాంసం కొట్టేవాళ్లు, బొగ్గు మోసేవాళ్లు. మనుషుల్ని వెతికిపెట్టడంలో సాయపడ్డవాళ్లలో రాబర్ట్ డ్వానో కూడా ఉన్నాడు, ఆయనే పెద్ద ఫోటోగ్రాఫర్. ఆ ఏడాదే లండన్‌లో, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో అదే పని కొనసాగింది. 'స్మాల్ ట్రేడ్స్' అని ఈనాడు మ్యూజియంలు దాచుకుంటున్న ఫోటోలు ఇవే.

పెన్ ఏం చేశాడన్నదాని కన్నా ఏం చేయలేదన్నది విద్యార్థులు గమనించాలి. వంటవాణ్ణి వంటింట్లో తీయలేదు, బొగ్గువాణ్ణి బొగ్గు కుప్ప పక్కన నిలబెట్టలేదు. పాత ఫోటోగ్రఫీ స్కూలు భవనం పై అంతస్తులో కిటికీల వెలుగు చాలనుకున్నాడు. వెనక ఒక పాత నాటకశాల తెర, మచ్చలు పడ్డ బూడిదరంగుది. పనిబట్టలు, చేతిలో పనిముట్టు. అంతే. గది లేదు, వీధి లేదు, ఆసరాగా ఆనుకోవడానికి గోడ కూడా లేదు. అందుకే ఆ ఫోటోల్లో అప్రాన్ మీది మరక, భుజం వాలిన తీరు, గొడ్డలి పట్టుకున్న పట్టు ఇప్పటికీ మన కంట పడతాయి.

మూడు ఊళ్ల జనం మూడు రకాలుగా ప్రవర్తించారని పెన్ తర్వాత రాసుకున్నాడు. పారిస్‌వాళ్లకు ఇందులో ఏదో మతలబు ఉందని అనుమానం, అయినా ఇచ్చే డబ్బు కోసం వచ్చారు. లండన్‌వాళ్లు మాత్రం పనిబట్టల్లో ఫోటో దిగడం సహజమే అన్నట్టు టైముకు వచ్చి హుందాగా నిలబడ్డారు. న్యూయార్క్‌వాళ్లలో కొందరు ఎంత చెప్పినా వినకుండా గడ్డం గీసుకుని, మంచి సూటు తొడుక్కుని వచ్చారు, సినిమా అవకాశం తలుపు తట్టిందనుకుని. ఈ విషయంలో మనవాళ్లు న్యూయార్క్ బాపతే. సైకిల్ షాపాయన్ని కెమెరా ముందుకు రమ్మని చూడండి. "ఒక్క నిమిషం ఉండు బాబూ, చొక్కా మార్చుకొస్తా" అని లోపలికి వెళ్లి, తల దువ్వి, పౌడరు రాసి, పెళ్లికి కుట్టించుకున్న చొక్కాలో వస్తాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఫోటో అంటే మంచి బట్టల్లో దిగేదని నూరేళ్లుగా మన స్టూడియోలే నేర్పాయి. రెండు ఫోటోలూ తీయండి. పెళ్లి చొక్కాది ఆయనకు, గ్రీజు చేతులది మీ థీమ్‌కు, అదీ ఆయన ఒప్పుకుంటేనే.

ఇప్పుడు మన అసైన్‌మెంట్ దగ్గరికి వద్దాం. కెమెరా ముట్టుకునే ముందు ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసుకోవాలి. ఏది మారదు? ఏది మారుతుంది? "ఒంటరితనం" అని రాస్తే పని జరగదు, దాన్ని ఏ లెన్సుతో తీస్తారు? "మా వీధిలో చేతులతో పనిచేసి బతికే పదిమంది, ఒకే తెర ముందు, ఒకే కిటికీ వెలుగులో, మోకాళ్ల నుంచి తల దాకా, పనిముట్టుతో" అని రాస్తే రేపు పొద్దున్నే మొదలుపెట్టవచ్చు. దర్జీ, పూలు కట్టే ఆవిడ, సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు, బ్యాటరీ షాపాయన, ఇస్త్రీ బండి పెద్దాయన, మిర్చిబజ్జీలు వేసే అమ్మ. అందరూ కూతవేటు దూరంలో ఉన్నవాళ్లే. ఈ థీమ్‌నే పట్టుకుని మిగతా సంగతులు చూద్దాం.

మొదట వెలుగు. ఎండలో నిలబెడితే ముక్కు కింద, కంటిగుంతల్లో నల్లటి నీడలు పడతాయి. సూర్యుడు వ్యాసంలో 14 లక్షల కిలోమీటర్ల వాడైనా 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి మన కంటికి అర డిగ్రీ కోణమంతే ఉంటాడు. ఫోటో తీసే మనిషి ఉన్న చోటు నుంచి చూస్తే వెలుగు ఎంత చిన్నదిగా కనబడితే నీడ అంచు అంత కరుగ్గా ఉంటుంది. మబ్బు పట్టిందంటే ఆకాశమంతా దీపమవుతుంది, నీడలు కరిగిపోతాయి. నాలుగడుగుల వెడల్పున్న కిటికీకి నాలుగడుగుల దూరంలో మనిషిని కూర్చోబెడితే ఆ కిటికీ 50 డిగ్రీలకు పైగా కోణాన్ని ఆక్రమిస్తుంది, అంటే సూర్యుడి కన్నా వంద రెట్లు వెడల్పైన దీపం. ఆ మనిషిని అదే కిటికీకి ఇరవై అడుగుల దూరం జరిపితే దీపం చిన్నదైపోతుంది, మెత్తదనం పోతుంది. పైసా ఖర్చు లేకుండా లైటింగ్ నేర్చుకోవడానికి ఇంతకు మించిన పాఠం లేదు. కిటికీకి ఎదురు వైపు ఒక తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే నీడ వైపు చెంప కొంచెం తేలుతుంది. షీటును దగ్గరికి, దూరానికి జరుపుతూ నీడ ఎంత ఉండాలో మీరే తేల్చుకోవచ్చు.

పాత పుస్తకాలన్నీ స్టూడియోకు ఉత్తరపు కిటికీ పెట్టమంటాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్లు పారిస్, లండన్ మనుషులు. అక్కడ ఏడాది పొడవునా పట్టపగలు సూర్యుడు దక్షిణాన ఉంటాడు, కాబట్టి ఉత్తరపు కిటికీలోంచి ఎండ కాక ఆకాశపు వెలుగు మాత్రమే వస్తుంది. పొద్దస్తమానం పెద్దగా మారని వెలుగు. మనం ఉన్నది ఉష్ణమండలంలో. హైదరాబాద్‌లో మే 9న, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం నీడ కాళ్ల కిందే ఉండిపోతుంది, సైన్సు సంఘాలవాళ్లు నీడలేని రోజు అని పిల్లలకు చూపించేది దాన్నే. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉత్తరపు వైపే ఉంటాడు. అంటే ఆ మూడు నెలలూ పుస్తకం చెప్పిన ఉత్తరపు కిటికీలోకి పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ దూరుతుంది, దక్షిణపు కిటికీలో చల్లటి నిలకడైన వెలుగు దొరుకుతుంది. జూన్‌లో అసైన్‌మెంట్ వస్తే దక్షిణపు వసారా, డిసెంబర్‌లో వస్తే ఉత్తరపు వసారా వెతుక్కోండి. యూట్యూబులో చెప్పే అమెరికా గురువులకు ఈ సంగతి చెప్పాల్సిన అవసరం రాదు.

వెలుగు ఎంత మెత్తనిదైనా దేని మీద పడి వస్తోందో చూసుకోవాలి. మన బజార్లలో సగానికి సగం నీలం టార్పాలిన్ కిందే నడుస్తుంది. దాని కింద కూర్చున్న మనిషి నెత్తి, భుజాలు నీలంగా, రోడ్డు మీంచి ఎగిరొచ్చిన ఎండ వల్ల గడ్డం, బుగ్గల కింది భాగం పచ్చగా వస్తాయి. రెండు రంగులు ఒకే ముఖం మీద కలిస్తే వైట్ బ్యాలెన్సు ఒక దాన్నే సరిచేయగలదు. ఆకుపచ్చ రంగు వేసిన గోడ పక్కన కూర్చోబెట్టినా అంతే, ఆ పచ్చదనం చెంపకు అంటుకుంటుంది. అందుకే మనిషిని టార్పాలిన్ కింది నుంచి నాలుగడుగులు బయటికి, అరుగు నీడలోకి రమ్మని అడగడం ఫోటోషాపులో గంటలు గడపడం కన్నా మేలు. వైట్ బ్యాలెన్సును ఆటోలో వదలకుండా ఒక విలువ దగ్గర ఆపేయండి. లేకపోతే ఎర్ర చీర ఆవిడ వచ్చినప్పుడు కెమెరా ఒక లెక్క వేస్తుంది, నీలం చొక్కా కుర్రాడు వచ్చినప్పుడు ఇంకో లెక్క వేస్తుంది, తెర రంగు ఫోటో ఫోటోకీ మారిపోతుంది.

తెరకు పాత దుప్పటి చాలు, బూడిదరంగో లేత గోధుమరంగో అయితే చాలా మంచిది. పూలడిజైను వద్దు. దాన్ని ఇస్త్రీ చేయించకపోయినా ఫరవాలేదు గానీ మనిషికి నాలుగైదు అడుగులు వెనక కట్టండి, మడతలు ఫోకస్‌లో పడవు. ఫ్లాష్ గానీ ఎల్‌ఈడీ లైటు గానీ వాడేవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడు రెట్లైతే తొమ్మిదో వంతుకు. లైటుకు మీటరు దూరంలో మనిషి, మూడు మీటర్ల దూరంలో తెర ఉంటే తెర మీద పడేది ముఖం మీది వెలుగులో తొమ్మిదో వంతే, అంటే మూడు స్టాపులకు పైనే తక్కువ. అదే బూడిదరంగు దుప్పటి ఫోటోలో నల్ల వెల్వెట్‌లా కనబడుతుంది. లైటును, తెరను దగ్గరికి తెచ్చినా దూరం జరిపినా ఒకే గుడ్డలోంచి మూడు నాలుగు రంగులు పుడతాయి. వెడల్పాటి కిటికీ పక్కనే ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్క ఇంత కచ్చితంగా నడవదు, వెలుగు నెమ్మదిగా తగ్గుతుంది.

ఇక దూరం. సెల్‌ఫోన్ చేతికొచ్చాక జనానికి తమ ముక్కుల మీద అపనమ్మకం పెరిగింది. ముక్కు కొస నుంచి చెవికి అటూ ఇటుగా 12 సెంటీమీటర్లనుకుందాం. కెమెరాను ముక్కుకు 30 సెంటీమీటర్లలో పెడితే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు, కాబట్టి చెవితో పోలిస్తే ముక్కు 1.4 రెట్లు పెద్దదిగా పడుతుంది. మీటరున్నర దూరం వెళితే ఆ తేడా 1.08 రెట్లకు తగ్గుతుంది. అమెరికాలో ముఖ శస్త్రచికిత్స వైద్యులు 2018లో ఇదే లెక్క కట్టి, అడుగు దూరపు సెల్ఫీలో ముక్కు వెడల్పు ఐదడుగుల దూరపు ఫోటోలో కన్నా దాదాపు 30 శాతం ఎక్కువగా కనబడుతుందని చూపించారు. సెల్ఫీ చూసుకుని ముక్కు తగ్గించమని వచ్చేవాళ్లకు చెప్పుకోవడానికి వాళ్లకు ఈ లెక్క అవసరమైంది. ఇందులో లెన్సు తప్పేమీ లేదు, దూరానిదే అంతా. సెల్‌ఫోన్‌తో తీసేవాళ్లు కూడా రెండు మీటర్లు వెనక్కి జరిగి, రెండు రెట్ల జూమ్ పెట్టుకుంటే చాలు. కాకపోతే ఆ దూరం పదిమందికీ ఒకటే ఉండాలి. నేల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీయండి, ఒకటి కుర్చీకి, ఒకటి ట్రైపాడ్‌కు.

ముఖం ఒక్కటే తీసేటప్పుడు అపెర్చర్ పూర్తిగా తెరిచి వెనకంతా మసకబార్చడం ఇప్పటి మోజు. 85 ఎంఎం లెన్సుతో ఎఫ్ 1.8 దగ్గర, మీటరున్నర దూరంలో ఫోకస్ నిలిచే మందం దాదాపు 3 సెంటీమీటర్లే. కన్ను బాగుంటుంది, చెవి పోతుంది. మన థీమ్‌లో అసలు విషయం చేతులు. సూది పట్టిన చేయి కంటికి ఒకటి రెండు జానల ముందు ఉంటుంది. ముఖమూ చేయీ రెండూ స్పష్టంగా ఉండాలంటే 50 ఎంఎం లెన్సుతో మూడు మీటర్లు వెనక్కి జరిగి ఎఫ్ 8 పెట్టండి, మీటరున్నరకు పైగా ఫోకస్‌లో ఉంటుంది. షట్టర్ సెకనులో 125వ వంతు, వసారా వెలుగులో ఐఎస్‌ఓ 800 దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. కొంచెం గ్రెయిన్ వస్తే రానివ్వండి.

ఇప్పుడు అసలు గొడవ, ముఖం రంగు. కెమెరాలోని మీటరుకు ఎదుట ఉన్నది ఇస్త్రీ చేసిన పంచో, కాకి రెక్కో తెలియదు. దేన్ని చూసినా అది సుమారు 18 శాతం వెలుగును తిప్పిపంపే నడిమి బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. అందుకే తెల్లచొక్కా మనిషి ఫ్రేము నిండితే ఫోటో మసకగా, నల్లచీర నిండితే వెలవెలబోతూ వస్తుంది. ఆటోలో వదిలితే పదిమందికీ పది ఎక్స్‌పోజర్‌లు. చామనఛాయవాళ్లు పాలిపోతారు, పచ్చటివాళ్లు మసకబారతారు. అందరూ ఒకే రంగులో తేలుతారు, ఎవరి రంగూ ఎవరికీ మిగలదు. మాన్యువల్ మోడ్‌లో పెట్టి, పడుతున్న వెలుగును బట్టి ఒక్కసారి లెక్క కట్టి, ఆ అంకెల్ని ముట్టుకోకుండా ఉంచితే ఎవరి ఛాయ వాళ్లకు దక్కుతుంది. గ్రే కార్డు లేకపోతే అరచేతిని మీటరు చేసి ఒక స్టాపు పెంచుకోండి. ముఖాల్లో ఉన్నంత తేడా అరచేతుల్లో ఉండదని పాత ఫోటోగ్రాఫర్లు కనిపెట్టిన చిట్కా ఇది.

రంగు ఫిల్ము రోజుల్లో ఈ సమస్య పరికరంలోనే ఉండేది. ల్యాబుల్లో ప్రింటర్లను సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ 'షర్లీ కార్డు'లు పంపేది. ఒక తెల్లజాతి యువతి ఫోటో అది. ఆమె ఒంటిరంగు బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు. నల్లటి చర్మంలోని ఛాయాభేదాలు ఆ ఫిల్ములో ముద్దగా కలిసిపోయేవి. దీన్ని తవ్వి తీసిన కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్‌కు కొడాక్‌లో పనిచేసినవాళ్లు ఒక విచిత్రమైన సంగతి చెప్పారు. ముదురు గోధుమ రంగుల్ని మెరుగుపరచాలన్న ఒత్తిడి మొదట మనుషుల నుంచి కాక, తమ సరుకు ప్రకటనల్లో సరిగ్గా పడడం లేదని మొరపెట్టుకున్న చాక్లెట్ కంపెనీల నుంచి, కలప ఫర్నిచర్ కంపెనీల నుంచి వచ్చిందట. చెక్కబల్లకున్న పలుకుబడి మనిషి ముఖానికి లేకపోయింది.

ఫిల్ము పోయింది గానీ అలవాటు పోలేదు. మన ఊళ్లలో పాస్‌పోర్టు ఫోటో దిగి చూడండి, అడగకుండానే రెండు ఛాయలు తెల్లబరచి ఇస్తారు. కొత్త ఫోన్లు ఆ పనిని 'బ్యూటీ' అని పేరు పెట్టి తామే చేస్తున్నాయి. క్లాసు పనిలో మాత్రం దీన్ని సహించకూడదని నా అభిప్రాయం. ముదురు చర్మం అందం నీడల్లో కన్నా మెరుపుల్లో ఉంటుంది. చెక్కిలి ఎముక మీద, నుదుటి మీద, ముక్కు దూలం మీద వెలుగు పొడుగ్గా జారితే ముఖం ఆకారం తేలుతుంది. ఆ మెరుపు పెద్ద కిటికీ పక్క నుంచి పడ్డప్పుడు పట్టు బట్ట నిగారింపులా సాగుతుంది, చిన్న ఫ్లాష్ ఎదురుగా కొట్టినప్పుడు చెమట చుక్కలా పేలుతుంది. రంగు మార్చాల్సిన పనిలేదు, కిటికీని పక్కకు తెచ్చుకుంటే చాలు.

అన్నీ స్థిరంగా ఉంచమంటున్నాను గదా, ఈ పద్ధతికి ఒక చీకటి చరిత్ర కూడా ఉంది. 1868, 1875 మధ్య బ్రిటిష్ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు వేసింది. అందులో మనుషులకు తెగల పేర్లే తప్ప సొంత పేర్లు దాదాపు ఉండవు. 1869లో జాన్ లాంప్రీ అనే ఆయన దారాలతో రెండేసి అంగుళాల గళ్లు కట్టిన చట్రం ముందు మనుషుల్ని బట్టల్లేకుండా నిలబెట్టి ఫోటోలు తీసే పద్ధతి ప్రతిపాదించాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ మన తెలుగు జిల్లాలతో సహా దక్షిణమంతా తిరిగి, మనుషుల ముక్కుల్ని తలల్ని కొలిచి, ఫోటోలు తీయించి 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. 1880లలో పారిస్ పోలీసు ఉద్యోగి అల్ఫోన్స్ బెర్టియాన్ ఒకే కుర్చీ, ఒకే దూరం, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి అంటూ నేరస్థుల ఫోటోకు రూపం ఇచ్చాడు. ఈ రోజు కూడా పోలీస్ స్టేషన్లలో అదే నడుస్తోంది. ఒకే కాంతి, ఒకే తెర, ఒకే దూరం. పెన్ చేసిన పనికీ వీళ్లు చేసిన పనికీ సాంకేతికంగా తేడా పెద్దగా లేదు.

మన దగ్గర ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. "కులవృత్తులు" అని థీమ్ పెట్టుకుని కుండ పక్కన ఒకర్ని, చెప్పు పక్కన ఒకర్ని కూర్చోబెట్టారంటే మీరు థర్‌స్టన్ ఎనిమిదో సంపుటం తీస్తున్నట్టే. బెంగళూరు కళాకారిణి పుష్పమాల, ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000, 2004 మధ్య తీసిన 'నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా' వరసను విద్యార్థులు తప్పక చూడాలి. రవివర్మ బొమ్మలోని స్త్రీ మొదలు లాంప్రీ గళ్ల చట్రం ముందు నిలబెట్టిన ఆదివాసీ స్త్రీ దాకా అన్ని వేషాలూ పుష్పమాలే వేసుకుంది. ఫోటోలో నిలబడ్డదీ, ఫోటో ఎలా ఉండాలో తేల్చిందీ ఒకే మనిషి కావడంతో ఆ చట్రం నవ్వులపాలైంది. అచ్చమైన థీమ్ పోర్ట్రెయిట్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. ఇందులో వేషాలు, సామాను దండిగా ఉన్నాయి, వాటికో పని కూడా ఉంది.

ఆ చీకటి చరిత్రకు విరుగుడు జర్మనీలో ఫోటోగ్రాఫర్ ఆగస్ట్ జాండర్ దగ్గర దొరుకుతుంది. సమాజంలోని అన్ని రకాల మనుషుల్నీ వరసగా తీయాలని పూనుకున్న ఆయన 1929లో 60 ఫోటోలతో తొలి పుస్తకం తెచ్చాడు. 1936లో నాజీలు ఆ పుస్తకపు అచ్చు ప్లేట్లను ధ్వంసం చేశారు. వాళ్లు ఊహించుకున్న జర్మన్ ముఖానికి ఈ ముఖాలు సరిపోలేదు. జాండర్ ఫోటోల్లో మనుషులు ఎలా నిలబడాలో తామే తేల్చుకుని, తిరిగి కెమెరాను పరీక్షగా చూస్తున్నట్టుంటారు. కాబట్టి తెర, వెలుగు, దూరం మీరు ఖాయం చేసుకోండి. చేతిలో ఏం పట్టుకోవాలో, కూర్చోవాలో నిలబడాలో వాళ్లకు వదిలేయండి. సెల్‌ఫోన్ బాగుచేసే కుర్రాడు స్క్రూడ్రైవర్ బదులు తన డిగ్రీ పట్టా పట్టుకుంటానంటే పట్టుకోనివ్వండి. కింద రాసే చీటీలో అతని పేరు ముందు, పని తర్వాత.

నవ్వమని మాత్రం అనకండి. ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ ఒక ముసలి చెప్పుల పనివాడి ముఖ కండరాలకు కరెంటు పెట్టి ఒక్కో కవళికనూ ఫోటో తీయించి 1862లో అచ్చేశాడు. పెదవుల కొసలు పైకి లాగే కండరం మన మాట వింటుందని, కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుందని చెప్పాడు. రెండోదాన్ని కూడా కావాలని కదిలించగలిగేవాళ్లు చాలామందే ఉన్నారని తర్వాతి పరిశోధనలు తేల్చాయి గానీ, మాట మీద వచ్చే నవ్వు ఎక్కువసార్లు పెదవుల దగ్గరే ఆగిపోవడం ఫోటోలు తీసే ప్రతివాడూ చూసేదే. ఫోటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్ ఇంకో దారి పట్టాడు. కూర్చున్నంతసేపూ బిగుసుకున్న ప్రముఖుల్ని చివర్లో ఒక్కసారి ఎగరమనేవాడు. గాల్లో ఉన్నప్పుడు ధ్యాసంతా ఎగరడం మీదే ఉంటుంది, ముఖాన్ని సర్దుకునే తీరిక ఉండదు. మార్లిన్ మన్రో ఎగిరింది, నిక్సన్ ఎగిరాడు, అణుబాంబు ఓపెన్‌హైమర్ చేయి పైకి చాచి ఎగిరాడు. 1959లో ఇవన్నీ పుస్తకంగా వచ్చాయి. మన ఇస్త్రీ పెద్దాయన్ని ఎగరమనక్కర్లేదు. "తాతా, పట్టుచీర మీద మరక పోవాలంటే ఏం చేస్తావు?" అని అడగండి. చేతులు వాటంతటవే లేస్తాయి, చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఆ పని మీద ఉన్న పట్టు కనబడుతుంది. ఆ మాట మధ్యలో తీయండి.

రోజుకు ఇద్దరు ముగ్గురికి మించి పెట్టుకోకండి. వాళ్ల బేరం పోయే వేళల్లో అసలు వెళ్లకండి. ఒక పూట పని ఆపి వచ్చిన మనిషికి ఆ పూట కూలి ఇవ్వడం మర్యాద, పెన్ కూడా ఇచ్చాడు. పిల్లల్ని తీయాలంటే ఇంట్లో పెద్దల అనుమతి ఉండాలి. ఫోటోలు ఎక్కడెక్కడ పెడతారో ముందే చెప్పండి, ఇన్‌స్టాగ్రామ్ అయితే ఇన్‌స్టాగ్రామ్ అని. వద్దంటే తొమ్మిది ఫోటోలతో వెళ్లండి.

అప్పగించడానికి కొన్ని రోజుల ముందే నమూనా ప్రింట్లన్నీ నేల మీద పరిచి, ఈ గొడవేదీ తెలియని పక్కింటివాళ్లను పిలవండి. చీటీలు తీసేయండి. వీటన్నిట్లో ఒకేలా ఉన్నవేమిటి, వేరుగా ఉన్నవేమిటి అని అడగండి. మొదటిదానికి వెలుగనో తెరనో, రెండోదానికి మనుషులనో చేతులనో అంటే సరే. దుప్పటి ఎక్కడ కొన్నారని అడిగితే మళ్లీ తీయాలి. తర్వాత దగ్గర్లోని ల్యాబుకు వెళ్లి, తెల్లబరచవద్దని గట్టిగా చెప్పి, ఒక్కొక్కటి రెండేసి చొప్పున 6×8 ప్రింట్లు వేయించండి. ఒక సెట్టు క్లాసుకు. రెండోది ఎవరిది వాళ్లకు, కవర్లో పెట్టి, మీరే వెళ్లి ఇవ్వండి.